అన్నకు అప్పగింత

కిందటి వారం మనం శ్రీలతను పానగల్‌లోని ఆమె గదిలో, చేతిలో నోటీసుతో వదిలిపెట్టాం. ముప్పై ఐదేళ్ల మనిషికి తనను చట్టబద్ధమైన సంరక్షకుడిగా నియమించమని సొంత అన్న దయాకర్ జిల్లా కమిటీకి పెట్టుకున్న దరఖాస్తు అది. హైదరాబాదు డాక్టరు రాసిచ్చిన కాగితం నకలు దానికి జతచేసి ఉంది. అందులో రెండు పేర్లు: ఆటిజం, ఏడీహెచ్‌డీ. రెండేళ్ల కిందట నాయిన వెంకటరాజం పోయాక పది రోజులు నోట మాట రాకపోతే, ఎవరికీ చెప్పకుండా తానే బస్సెక్కి వెళ్లి చూపించుకుని తెచ్చుకున్న కాగితం. చిన్నప్పటి నుంచి తిక్కది, మొండిది, మతిలేనిది అనిపించుకున్నదానికి ఒక సరైన పేరు దొరికిందని ఆ రోజు ఆమె బస్టాండులో నిలబడి రెండు సోడాలు తాగింది, సంతోషంతో. ఇప్పుడు ఆ కాగితమే ఎదురు తిరిగింది. దరఖాస్తు చివరి పేజీలో సాక్షి సంతకం చేసింది ఎవరో కాదు, కన్నతల్లి లీలమ్మ.

విచారణ గురువారం పదకొండు గంటలకు. శ్రీలత ఎనిమిదిన్నరకే నల్లగొండలో ఆ ఆఫీసు మెట్లెక్కింది. టైము విషయంలో ఆమెకు నడిమధ్య అనేది చేతకాదు. వస్తే రెండు గంటలు ముందు, లేకపోతే రెండు గంటలు ఆలస్యం. రాత్రంతా ఆలోచించి ఏమేం చెప్పాలో గ్రాఫు కాగితం వెనక వరుసగా రాసుకుంది. బెంచీ మీద కూర్చున్నాక సంచి వెతికితే కాగితం లేదు. ఆటోలో మోకాళ్ల మీద పెట్టుకున్నది అక్కడే ఉండిపోయింది. ఒక్క నిమిషం కళ్లనిండా నీళ్లు వచ్చాయి. తర్వాత కోపం వచ్చింది. "పోతే పోనీ. నా బతుకు గురించి చెప్పడానికి నాకు చిట్టీ ఎందుకు?" అనుకుంది.

పదకొండుంబావుకు లోపలికి పిలిచారు. పొడవాటి బల్ల వెనక ముగ్గురు. మధ్యలో అధికారిణి, యాభై దాటిన మనిషి. ఆమెకు ఎడమ పక్కన ఒక స్వచ్ఛంద సంస్థ తరఫు పెద్దాయన. కుడి పక్కన డేవిడ్. పోలియోతో కాళ్లు పోయిన మనిషి, వికలాంగుల తరఫున కమిటీలో సభ్యుడు. ఆయన చంకకర్రలు రెండూ గోడకు ఆనించి ఉన్నాయి. బల్లకు ఇవతల ఒక కుర్చీలో దయాకర్, తెల్ల చొక్కా, చేతిలో ఫైలు. పక్క కుర్చీలో తలవంచుకుని లీలమ్మ.

శ్రీలత కూర్చుంది గానీ చెవుల్లో తేనెటీగలు దూరినట్టుంది. నెత్తి మీద ట్యూబులైటు ఒకటే మోత. అధికారిణి ఏదో అడుగుతోంది. పెదాలు కదలడం కనిపిస్తోంది, మాట అందడం లేదు.

"మేడం, జర గా లైటు బందు చేపిస్తరా? గుయ్యిమంటాంది. నాకు మీ మాట ఇనబడ్తలేదు."

అందరూ పైకి చూశారు. ఎవరికీ ఏ మోతా వినిపించలేదు. దయాకర్ ఫైలు మీద వేలు కొట్టాడు.

"చూసిన్రా మేడం? వచ్చి రెండు నిమిషాలు గాలే. ఇదే నేను చెప్పేది."

"కిటికీ తెరిస్తే వెలుగు సరిపోద్ది కదా," అన్నాడు డేవిడ్. అధికారిణి అటెండరుకు సైగ చేసింది. లైటు ఆగింది. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడింది. శ్రీలత భుజాలు దిగాయి.

"ఇప్పుడు ఇనబడ్తాంది. అడుగున్రి," అంది.

ముందు దయాకర్‌ను మాట్లాడమన్నారు. అతను లేచి నిలబడ్డాడు. గొంతులో అరుపు లేదు. చాలాకాలం మోసి అలసిపోయిన మనిషిలా మాట్లాడాడు.

"నాకు నా చెల్లె మీద పగ లేదు మేడం. నాయిన పోయినంక పెద్దోన్ని నేనే. ఈమె సంగతి చెప్తున్న, ఇనున్రి. చాయ పెట్టి మర్చిపోతది. రెండుసార్లు గిన్నె మాడి ఇల్లంత పొగ. ఫోను నాలుగుసార్లు పోగొట్టుకున్నది. నా బిడ్డ ఫంక్షన్ల బ్యాండు కొడ్తుంటె చెవులు మూసుకొని, చెప్పులు గూడ ఏసుకోకుండ రోడ్డు మీదికి ఉరికింది. మోటరుసైకిలోడు బ్రేకు కొట్టకపోతే ఏమయ్యేదో. చౌటుప్పల్‌ల దిగాల్సింది, ఏదో ఆలోచన జేస్కుంట హైదరాబాదు పోయి దిగింది. నా షాపుల చీర కొననీకి వచ్చినామెతోని, ఈ రంగు నీకు బాగుండదని మొఖం మీదనే అన్నది. పెండ్లి జేస్తె నాలుగు నెలలకు తిరిగొచ్చింది. డాక్టరే రాసిచ్చిండు గద, మెదడుల తేడా ఉన్నదని. రేపు ఎవడన్న మాయజేసి సంతకం పెట్టిచ్చుకుంటె? అమ్మ ఎన్ని రోజులుంటది? అందుకే నా చేతుల పెట్టమంటున్న."

చెప్పి కూర్చుని చేతిరుమాలుతో మెడ తుడుచుకున్నాడు. లీలమ్మ తల ఎత్తలేదు.

"మీ అన్నయ్య చెప్పినవాటిలో అబద్ధాలు ఏమైనా ఉన్నాయా?" అని అడిగింది అధికారిణి.

"ఒక్కటే ఉన్నది మేడం. నాలుగు నెలలు గాదు. నాలుగు నెలల పదకొండు రోజులు."

స్వచ్ఛంద సంస్థ పెద్దాయన పెదవి దాకా వచ్చిన నవ్వును ఆపుకున్నాడు. శ్రీలత నవ్వించడానికి అనలేదు. ఆమె చూపు ఎవరి ముఖం మీదా లేదు. బల్ల అంచు మీద ఎండ పడ్డ గీత మీద ఉంది. ఎదుటి మనిషి కళ్లలోకి చూస్తే చెప్పాల్సింది చెదిరిపోతుంది ఆమెకు.

"మిగిలినయన్ని నిజమే. గిన్నెలు మాడినయి. రెండు గాదు, అయిదు. మూడింటి సంగతి అన్నకు తెల్వదు. అందుకే గ్యాసు తీసేసిన. ఇప్పుడు దానంతటదే బందయ్యే కరెంటు పొయ్యి మీద వండుకుంటున్న. ఏడాది దాటింది, ఒక్కటి మాడలే. ఫోను పోతాందని తాడు కట్టి మెడల ఏసుకున్న, ఇగో. నలుగురు నవ్వుతరు, నవ్వనీ. బ్యాండు చప్పుడుకు ఉరికింది నిజం. ఆ చప్పుడు నాకు చెవుల మేకు కొట్టినట్టుంటది. ఆ తెల్లారి చప్పుడు ఇనబడకుండ చెవులల్ల పెట్టుకునేటివి తెచ్చుకున్న. అన్న ఫంక్షన్‌కు మల్ల పిలువనే లేదు, లేకపోతే పెట్టుకొని వచ్చేదాన్ని."

దయాకర్ ఏదో అనబోయాడు. అధికారిణి చెయ్యెత్తింది.

"ఇగ పెండ్లి సంగతి. ఆయన నన్ను కొట్టిండు మేడం. మాట్లాడతలేనని కొట్టిండు, మాట్లాడితే ఎక్కువ మాట్లాడుతున్నవని కొట్టిండు. నూటముప్పై మూడు రోజులు చూసిన. సంచి సర్దుకొని వచ్చేసిన. అది తెలివి లేక వచ్చినట్టా, తెలివి ఉండి వచ్చినట్టా? మీరే చెప్పున్రి."

లీలమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీరు ఏం పని చేస్తారు?" అని డేవిడ్ అడిగాడు.

అడిగినవాడికి తెలియదు, ఏ తలుపు తెరిచాడో. శ్రీలత వెన్ను నిటారుగా అయ్యింది. నూలును రబ్బరు పట్టీలతో కట్టి రంగులో ముంచేముందు, ఏ పోగు ఎక్కడ కట్టాలో చెప్పే గ్రాఫును తాను గీస్తుందని చెప్పింది. పోగుకొక గడి. గడి తప్పితే నేసేటప్పుడు చిలుక ముక్కు ఏనుగు తొండం మీదికి పోతుంది. చీర పూర్తయ్యేదాకా అది ఎలా ఉంటుందో మిగతావాళ్లకు కనిపించదు, తనకు మొదటి గడి దగ్గరే మొత్తం కనిపిస్తుంది. పని మీద కూర్చుంటే తిండి గుర్తుండదు, నీళ్లు గుర్తుండవు, అది మంచిది కాదని తెలుసు, అందుకే ఫోనులో అలారం గంటలు పెట్టుకుంది. మొన్న గీసిన గ్రాఫులో ఎనిమిది రంగులు... ఆపకుండా చెప్పుకుపోతోంది. తానే గమనించి చటుక్కున ఆగింది.

"ఎక్కువ చెప్పిన. అడిగిందానికి జవాబు చిన్నగనే ఉండె. గ్రాఫులు గీస్త సార్. ఆరు మగ్గాలు నా గ్రాఫుల మీద నడుస్తున్నయి. అన్న షాపుల అమ్మే చీరలల్ల సగం నావే."

"అవునా?" అని అధికారిణి దయాకర్ వైపు చూసింది.

"గీతలు గీస్తది మేడం. నేను కాదంటలేను. గీతలు గీసుడు వేరు, బతుకుడు వేరు."

"రోజువారీ బతుకులో మీకు ఎవరి సాయమైనా అవసరమా?" డేవిడ్ మళ్లీ శ్రీలతనే అడిగాడు. "సిగ్గుపడకుండా చెప్పండి."

"అవసరమే సార్. మా మగ్గాల షెడ్డుల పర్వతాలన్న నేస్తడు. ప్రతి సోమవారం ఏ బిల్లు కట్టాల్నో ఆయన యాదిజేస్తడు. బ్యాంకుకు ఒక్కదాన్నే పోతే కాయితాలు తారుమారు చేస్త, అందుకని ఆయన పెండ్లాం తోడు వస్తది. ఆమెకు చదువు రాదు, చదివేది నేను. నాకు సాయం కావాలె. కాదన్ననా?" ఆమె గొంతు మొదటిసారి పైకి లేచింది. "మా అన్నకు అన్నం వడ్డించుకొనుడు రాదు. వదినె పెడితెనే తింటడు. కారు డ్రైవరు నడుపుతడు. ఈ దరఖాస్తు వకీలు రాసిండు. ఆయనకు గింతమంది సాయం జేస్తుంటె ఆయనను పెద్దమనిషి అంటున్రు. నాకు ఇద్దరు చేస్తే నేను మతిలేనిదాన్నయిన్నా? ఆయనకెవ్వరు గార్డియన్‌ను పెట్టలేదు గద మేడం. నాకే ఎందుకు?"

దయాకర్ ముఖం ఎర్రబడింది. "లతా! అన్నను గట్లనా అనేది?"

"అన్నవు గాబట్టే ఇన్ని రోజులు అనలే. మేడం, ఇంకో మాట. తాత నుంచి వచ్చిన ఆ షెడ్డు జాగా నాయిన నా పేర రాసిండు. రోడ్డు పెద్దగయినంక అన్న ప్లాట్లు చేద్దామన్నడు. వద్దన్న. మల్లొచ్చిండు. వద్దన్న. మూడోసారి వదినెను తీసుకొని వచ్చిండు. అప్పుడు గూడ వద్దనే అన్న. నాలుగోసారి నోటీసు వచ్చింది. నేను అమ్ముదామంటే తెలివి ఉన్నదాన్ని, వద్దంటే తెలివి లేనిదాన్ని. గట్ల ఎట్ల ఉంటది?"

అధికారిణి చాలాసేపు రాసుకుంది. తర్వాత కలం కింద పెట్టి లీలమ్మను పిలిచింది.

"అమ్మా, ఈ సంతకం మీదేనా? పింఛను కాగితమనో ఇంకేదో అనో చెప్పి పెట్టించుకున్నారా?"

శ్రీలత తల్లి వైపు తిరిగింది. నోటీసు వచ్చిన నాటి నుంచి ఆమె ఆ ఒక్క మాట మీదే బతికింది. అమ్మకు తెలియదు. అన్న మోసం చేసి పెట్టించుకున్నాడు. అమ్మ ఇప్పుడు ఆ మాట చెప్తుంది.

లీలమ్మ కుర్చీ చెయ్యి పట్టుకుని లేచింది.

"సంతకం నాదే. ఎవ్వరు మోసం జెయ్యలే. చదివిచ్చుకొని, తెలిసే పెట్టిన."

"ఎందుకు పెట్టారు?"

"గది ఈడ చెప్పేది గాదు."

ఇంకెన్ని అడిగినా ఆ ఇల్లాలు నోరు విప్పలేదు. అధికారిణి ఫైలు మూసింది. తన పని తాను చేసుకుంటున్న మనిషిని ఆమె ఇష్టానికి వ్యతిరేకంగా మరొకరి చేతికి అప్పగించడం తమకు సులభం కాదని దయాకర్‌కు స్పష్టంగా చెప్పింది. వచ్చే గురువారంలోగా తాము వచ్చి శ్రీలత ఇల్లూ పనీ చూస్తామంది. తల్లి వాంగ్మూలం మాత్రం తప్పనిసరి అంది. డేవిడ్ చంకకర్రలు అందుకుంటూ, "అమ్మా, లైటు ఆపమని అడిగావు చూడు, మంచి పని చేశావు. నేను ఈ ఆఫీసులో ర్యాంపు అడగడానికి ఆరేళ్లు మొహమాటపడ్డాను," అన్నాడు. శ్రీలత తల ఊపింది.

దయాకర్ కారు తీయించడానికి విసురుగా కిందికి వెళ్లాడు. వరండాలో మెట్ల పక్కన తల్లీ కూతుళ్లు మిగిలారు.

"ఎందుకు పెట్టినవే అమ్మా?" శ్రీలత అడిగింది. చేతి వేళ్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటున్నాయి. "తెలిసి పెట్టిన్నంటివి. నేను నీకు గూడ మతిలేనిదాన్నేనా?"

లీలమ్మ మెట్టు మీద కూలబడింది.

"మీ నాయినకు ఒక చెల్లె ఉండె. కృష్ణమ్మ."

"జరమొచ్చి సచ్చిపోయింది. నాయిన చెప్పిండు."

"జరమొచ్చి సచ్చిపోలే బిడ్డా." లీలమ్మ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. "నేను కొత్త కోడల్ని అప్పుడు. ఆమెకు పందొమ్మిదేండ్లు. మగ్గం మీద కూసుంటె పొద్దుగూకేదాక లేవకపోయేది. పిలిస్తె పలకకపోయేది. ఎవరన్న ముట్టుకుంటె ఒర్రేది. చెప్పింది చెప్పినట్టే చేసేది, ఒక్క అక్షరం అటు ఇటు గాకుండ. పెండ్లి జేస్తె అత్తగారోళ్లు మల్ల తోలిచ్చిన్రు. అచ్చం నీ లెక్కనే ఉండె. ఇంటి పరువు పోతాందని మీ తాత, మీ నాయిన జాతరకని చెప్పి ఆమెను ఆత్మకూర్ దిక్కు తీసుకపోయిన్రు. గుడి ఎనక బండ మీద కూసోబెట్టి, బొరుగులు కొనుక్కొస్తం, ఈడనే కూసో అని చెప్పి, బస్సెక్కి వచ్చేసిన్రు."

శ్రీలత వేళ్లు నొక్కుకోవడం ఆపింది.

"జాతర అయిపోయింది. దుకాణాలు పీకేసిన్రు. మూడొద్దులు ఆ బండ మీదనే కూసున్నదట. కూసోమన్నరు గద అని. జానమ్మ అని గొర్లోళ్ల ఆడామె, ఆమెనే చూసి నీళ్లు తాపిచ్చి ఇంటికి తోలుకపోయింది. పదేండ్లకు మీ నాయినకు ఎట్లనో తెలిసింది. ఏడాదికోసారి నూలుకని చెప్పి పోయి చూసొచ్చేటోడు. తెచ్చుకుందామంటె మీ తాత ఒప్పుకోలే. తాత పోయినంక మీ నాయినకు తెచ్చే మొఖం లేకుండె. షెడ్డు నీ పేర గందుకే రాసిండు, నిన్నెవ్వరు ఎల్లగొట్టద్దని. నేను సంతకం పెట్టింది గూడ గందుకే. కాయితం మీద అన్న పేరుంటె, సర్కారు అడుగుతదన్న భయానికైన నిన్ను ఎటో ఇడిసిపెట్టి రాడు అనుకున్న. నేను పోయినంక నిన్ను ఏ బండ మీద కూసోబెడ్తరో అని నాకు నిద్ర వడ్తలేదు బిడ్డా."

శ్రీలత గోడ వైపు చూస్తూ నెమ్మదిగా అడిగింది.

"అమ్మా, అత్తకు గార్డియన్ ఎవరుండె?"

లీలమ్మకు ప్రశ్న అర్థం కాలేదు.

"ఆమె మంచి చెడ్డ ఎవరు చూడాల్సి ఉండె? ఆమె అన్ననే గద. నా నాయిననే. బండ మీద కూసోబెట్టింది గూడ ఆయననే. నువ్వు నన్ను మల్ల అన్నకే అప్పగిస్తవా?"

నలభై ఐదేళ్లు మోసిన సంగతిని లీలమ్మ ఎప్పుడూ ఆ పక్క నుంచి చూడలేదు.

"నన్నెవ్వరు కూసోమన్నా నేను కూసోను. ఆమెకు చెప్పేటోళ్లు లేరు. నాకు నా సంగతి ఏందో తెలిసింది. పేరు గూడ తెలిసింది." శ్రీలత తల్లి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "అత్త ఉన్నదా?"

"ఉన్నది. జానమ్మ నంబరు నా తాన ఉన్నది. మీ నాయిన పోయినంక నేను పోలే. నాకు ధైర్యం చాలలే."

శ్రీలతకు ఫోనులో మాట్లాడటమంటే ప్రాణం పోతుంది. కరెంటు ఆఫీసుకైనా మెసేజే పెడుతుంది. ఇప్పుడు మెడలో వేలాడుతున్న ఫోను ఎత్తి, తల్లి చెప్పిన అంకెలు ఒక్కొక్కటీ నొక్కింది. చెవికి కాస్త దూరంగా పట్టుకుంది.

"ఎవలూ?" అవతల ముసలి గొంతు. వెనకాల గొర్రెల అరుపులు.

"నేను పానగల్ నుంచి. వెంకటరాజం బిడ్డను, శ్రీలతను. కృష్ణమ్మ అత్తతోని మాట్లాడాలె."

జానమ్మ గొంతు అనుమానంగా వచ్చింది.

"ఆమెతోని మాట్లాడనీకి నాకు ఫోను జేసుడేంది బిడ్డా? ఆమె మీ తాననే ఉన్నది గద. నిన్న పొద్దుగాల కారొచ్చింది. ఆమె అన్న కొడుకు పంపిండన్నరు. తాత జాగల ఆమెకు గూడ పాలున్నదంట, ఏదో కాయితం మీద ఏలుముద్ర గావాలె, ఇగ ఇంటికాడనే ఉంచుకుంటం అన్నరు. కొత్త చీర కట్టిచ్చి నేనే ఎక్కిచ్చిన. ఇంటికి రాలేదా?"

శ్రీలత ఫోను కిందికి దించింది. తల్లి ముఖంలోకి సూటిగా చూసింది. లీలమ్మ కళ్లలో భయం తప్ప మరేమీ లేదు. కారు సంగతే కాదు, కృష్ణమ్మ ఉన్నట్టు దయాకర్‌కు తెలుసన్న సంగతీ ఆమెకు తెలియదు.

కింద కారు హారను మోగింది. మామూలుగా ఆ చప్పుడుకు రెండడుగులు వెనక్కి వేసే మనిషి, చెవులు మూసుకోకుండా మెట్లన్నీ దిగి, ఎండలోకి వెళ్లి, కారుకు ఎదురుగా నిలబడింది.

"నడువున్రి, ఎండ కొడ్తాంది," అన్నాడు దయాకర్ తలుపు తెరుస్తూ.

"అన్నా," అంది శ్రీలత. జీవితంలో మొదటిసారి అతని కళ్లలోకి చూస్తూ, రెప్ప వేయకుండా. "అత్తను ఏడ కూసోబెట్టినవ్?"

దయాకర్ చెయ్యి తలుపు మీదే ఆగిపోయింది.